పాస్టరు కోసం పాతిన చెట్టు

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్ళు: ముందుగదిలో, మీట నొక్కితే లేచే అద్దె మంచం మీద, మందు మగతలో మారెన్ వాళ్ళ నాన్న ఓరిన్, పొయ్యి దగ్గర అమ్మ జనెల్, కిటికీ పక్క కుర్చీలో ఉడికిన బంగాళాదుంపలు చిదుముతూ నానమ్మ ఆల్వినా, బల్ల దగ్గర కాళ్ళు బారజాపుకుని, చర్చికి వెళ్ళని ఆదివారానికి కూడా నున్నగా గడ్డం గీసుకుని వచ్చిన వెర్లిన్ బాబాయి, నాడి చూసి, దుప్పటి సర్ది, వెళ్ళేముందు వాకిట్లో తన కారులో కాసేపు ఊరికే కూర్చునే నర్సు రొండా, బల్ల కింద ముసలి కుక్క, మెట్ల మీద, చేతులు రెండూ తొడల కింద దాచుకుని మారెన్. ఇంకొకడు కూడా ఉన్నాడు గానీ వాణ్ణి ఈ లెక్కలో కలపాలో వద్దో ఆమెకు తెలియడం లేదు. వాడు ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద బొమ్మగా ఉన్నాడు. పొయ్యి మీది పెనంలోనూ ఉన్నాడు.

సాసేజీ వాసన ఇల్లంతా పట్టింది. నిన్నా ఇదే వాసన. నిన్న నాన్న మెలకువగా ఉండి, ముందుగదిలోంచి, గొంతులో మిగిలిన ఆ కాస్త గాలితో, "ఏ జింకది జనెల్ అది?" అని అడిగితే, అమ్మ గరిటె ఆపకుండానే "పోయినేడు కొట్టిన ఆడదానిది, ఫ్రీజరు అడుగున మిగిలింది" అంది, ఉప్పు సరిపోయిందని చెప్పినంత తేలిగ్గా. నాన్న ఇక ఏమీ అడగలేదు. తిండి మానేసినవాళ్ళకు వాసనలు ఇంకా బాగా తెలుస్తాయని రొండా ఒకసారి అంది, ఆ మాట అప్పటి నుంచి మారెన్ బుర్రలో ఈగలా తిరుగుతోంది, తలుపు మూసినా పోదు, అసలు ఆ ముందుగది తలుపు మూసుకోదు కూడా, మంచం పట్టలేదని తలుపు ఊడదీసి మళ్ళీ బిగించినప్పటి నుంచి కిందికి జారిపోయి, గడపకు తగిలి ఆగిపోతుంది, గట్టిగా పట్టుకుని పైకి ఎత్తి లాగితే తప్ప గడియ పడదు, ఎవరూ అంత కష్టపడటం లేదు, అందుకే ఈ వంటింటి వాసనంతా నాన్న దగ్గరికి, అక్కడి మందుల వాసనంతా ఇక్కడికి. తన చేతుల వాసన కూడా అలాగే వెళ్తోందా? సబ్బుతో రుద్దింది, వంటనూనె రాసి తుడిచింది, కోళ్ళ దొడ్లో బూడిదతో తోమింది. దేవదారు జిగురు పోలేదు. గోళ్ళ కింద నల్లగా అలాగే ఉంది.

"ఏమే పిల్లా, మెట్ల మీద కోడిపెట్టలా కూర్చున్నావేం? గుడ్డు పెడుతున్నావా?" అన్నాడు వెర్లిన్ బాబాయి.

"దాన్ని వదిలెయ్యరా. నోట్లో ముద్ద పెట్టుకుని వాగకు" అంది నానమ్మ.

"అన్నయ్య మాట్లాడడు, ఇది మాట్లాడదు, నువ్వు బంగాళాదుంపల్తోనే మాట్లాడతావు. ఇక ఈ ఇంటికి నేనొక్కణ్ణే రేడియోనమ్మా."

ఎవరూ నవ్వలేదు. ఒకప్పుడు ఈ మాటలకే నాన్న ముందుగదిలోంచి "బ్యాటరీలు తీసెయ్యండి వాడికి" అని అరిచేవాడు, అందరూ నవ్వేవాళ్ళు, ఇప్పుడు ఆ జవాబు పడాల్సిన చోట ఖాళీ మిగిలింది, వెర్లిన్ బాబాయి కూడా ఆ ఖాళీ కోసమే ఆగాడు, ఆగి, పళ్ళెంలో ముక్క కోసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఎంత మెత్తగా నములుతున్నాడో. మారెన్ ఆ దవడ వైపు చూడకూడదనుకుంటే చూపు ఫ్రిజ్ వైపు పోయింది, అక్కడ వాడు తలవంచుకుని నిలబడి ఉన్నాడు.

పాస్టరంటే మనిషి కాదు, జింకపోతు. ఈ గుట్టల మధ్య తెల్లతోక జింకల్లో అంతటివాడు ఇంకొకడు లేడని నాన్న నమ్మకం. ఆ పేరు పెట్టిందీ నాన్నే. వాడు వచ్చేది ఆదివారం పొద్దున, ఊరంతా చర్చిలో ఉన్న వేళకు, పొలం మధ్య పాతిన చెట్టు ముందు నిలబడి, తల వంచి, నుదురు ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయేవాడు, ఊళ్ళో వాళ్ళందరి పాపాలూ ఒప్పుకుంటున్నట్టు. "చర్చి పాస్టరు కంటే వీడి ప్రార్థనే నిజమైంది, కానుక పళ్ళెం తిప్పడు" అనేవాడు నాన్న, నానమ్మ చెంపలు వేసుకునేది. ఎడమ కనుబొమ మీది చిన్న కొమ్ము పక్కకు వంకర తిరిగి ఉండేది వాడికి, అదొక్కటే గుర్తు, దాంతో ఏ బొమ్మలోనైనా పట్టేయవచ్చు. కుర్రపోతుగా ఉన్నప్పటి నుంచి ఏటేటా ఆ కొమ్ములు ఎదగడం, వేసవిలో వాటి మీద మెత్తటి నూగు, శరదృతువులో ఆ నూగు చిరిగి నెత్తురు పీలికలుగా వేలాడటం, అన్నీ ఆ చెట్టుకు ఎదురుగా నాన్న కట్టిన కెమెరా పంపిన బొమ్మల్లోనే చూశారు. నాన్న ట్యాబ్‌లో మారెన్ చిన్నప్పటి ఫొటోల కంటే పాస్టరు ఫొటోలే ఎక్కువ. అందుకు ఆమెకు ఎప్పుడైనా కష్టమనిపించిందా? అనిపించింది. ఇప్పుడు అలా అనిపించినందుకు సిగ్గుగా ఉంది, వాడు పోయాక.

రొండా చేతులు కడుక్కుని వచ్చి తువాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంటోంది. "నొప్పి ఆయన్ని తినేస్తోంది జనెల్ గారూ. నిద్రలో కూడా పళ్ళు కొరుకుతున్నారు. పెద్ద మందు వేయించుకుంటే హాయిగా ఉంటుంది."

"వినాలి కదా" అంది అమ్మ పెనం వైపు తిరిగే. "అది వేస్తే ఇక నిద్రేనట కదా. ఆ జింక వచ్చి వెళ్ళాక వెయ్యమంటాడు. నిద్రలో ఉంటే ఎలా చూస్తానంటాడు."

"వస్తుందంటారా మరి?"

అమ్మ సాసేజీ ముక్కను తిప్పేసింది. నానమ్మ చేతిలో పప్పుగుత్తి ఆగింది. వెర్లిన్ బాబాయి కాఫీ కప్పులోకి చూశాడు, అడుగున ఏదో పడినట్టు. రొండాకు తెలియదు. ఈ ఇంట్లో తెలియనిది రొండాకూ, నాన్నకూ, కుక్కకూ. రావాల్సినవాడు రానే రాడనీ, రాడని చెప్పలేక ఆయన్ని రోజూ ఇలా పళ్ళు కొరుక్కోనిస్తున్నారనీ, ఈ పాపం ఎవరి ఖాతాలోకి పోతుందనీ మారెన్ రాత్రుళ్ళు అనుకునేది. అనుకుని అనుకుని ఇవాళ చర్చి గంట వేళకు వెళ్ళి ఆ పని చేసి వచ్చింది. పై గంటకు కెమెరా బొమ్మ పంపుతుంది. కదలిక ఉన్నా లేకపోయినా గంటకొకటి పంపేలా నాన్నే పెట్టించాడు, చెట్టు ఉందో ఊడిందో చూసుకోవడానికి. ఆ బొమ్మ వచ్చి, నాన్న కళ్ళు తెరిచి, చూసి, నమ్మితే చాలు. నమ్మాక రొండాను పిలుస్తాడు. అంతే కావాలి. ఆ తర్వాత ఏం జరుగుతుందో కూడా ఆమెకు తెలుసు, తెలిసే చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

ఆ చెట్టు ఈ ఏడు పాతింది ఆమే. ఏటా ఆగస్టులో నాన్న పాతేవాడు, కంచె వెంబడి పెరిగిన దేవదారుల్లో మణికట్టు కంటే లావైనదొకటి చూసి, నరికి, ఛాతీ ఎత్తు దాకా కొమ్మలు కొట్టేసి, తలమీది ఆకు మాత్రం ఉంచి, క్లోవర్ గడ్డి మడి మధ్యలో మోకాలి లోతు గుంత తీసి నిలబెట్టేవాడు, చుట్టుపక్కల ఇంకో చెట్టన్నది లేనిచోట. అలా ఒంటరిగా నిలబడ్డ చెట్టును ఏ పోతూ దాటిపోలేదు. కొమ్ములతో బెరడు ఒలిచి, నుదుటి వాసన అంటించి పోతుంది, వెనక వచ్చేది ఆ వాసన చూసి తనదీ అంటిస్తుంది. "ఇది వాళ్ళ పోస్టాఫీసు" అనేవాడు నాన్న. "మనం డబ్బా పెడతాం, ఉత్తరాలు వాళ్ళే వేసుకుంటారు, మనం దొంగతనంగా చదువుకుంటాం." ఈ ఆగస్టులో ఆయన ట్రక్కు దిగలేకపోయాడు. గడ్డి గట్టు మీద ఆపించి, అద్దం దించి, అక్కడి నుంచే చెప్పాడు. రబ్బరు బూట్లేసుకో. తొడుగులేసుకో, బొటనవేలు కూడా ముట్టుకోకూడదు చెట్టుకు, మనిషి వాసన వారాలపాటు పోదు. ఉమ్మకు. చెమట పడనివ్వకు. గునపంతో మట్టి కొట్టు, ఇంకా కొట్టు, చుట్టూ కొట్టు, ఊగుతోందా, తోసి చూడు. ఆమె తోసి చూసింది. ఊగలేదు. ఆ మధ్యాహ్నం మిడతలు ఎంతలా అరిచాయో, మెడ వెనక చెమట, తొడుగుల్లో వేళ్ళు నాని ముడతలు పడ్డాయి, నాన్న ఇంకా ఏదో చెబుతున్నాడు, బెరడు పీచు గురించి, పీచు ఎటువైపు వేలాడుతోందో చూస్తే ఏం తెలుస్తుందో, కిటికీ బయటికి చెయ్యి చాపి గాలిలో గీసి చూపిస్తున్నాడు, ఆమె చూపు మాత్రం ఆ మణికట్టు మీదే ఉండిపోయింది, గడియారం వదులై మోచేతి దాకా జారి, చెయ్యి దించగానే మళ్ళీ మణికట్టు మీదికి జారి, పైకీ కిందికీ, పైకీ కిందికీ. అది చూస్తూ ఉండిపోయింది. మాట వినలేదు. చివరి మాట ఒక్కటే విన్నది. "పాస్టరు వచ్చి దీనికి నుదురు పెట్టాడంటే నీ చెట్టు పాసైనట్టే."

నాన్న ఆమెతో పాసవడం గురించి మాట్లాడటం అదే మొదలు. పన్నెండేళ్ళప్పుడు మంచె మీద తన పక్కన కూర్చోబెట్టుకుని, తుపాకి చేతికిచ్చి, ఆడజింక వచ్చి ఎదురుగా నిలబడితే, ఊపిరి బిగబట్టు, ఇప్పుడు నొక్కు అన్నాడు. ఆమె ఊపిరి బిగబట్టింది. నొక్కలేదు. జింక చెవులు తిప్పి, గడ్డి కొరికి, తీరిగ్గా వెళ్ళిపోయింది. నాన్న తిట్టలేదు. దారి పొడుగునా ఏమీ అనలేదు, ఆ తర్వాత కూడా అనలేదు, ఆమెను మళ్ళీ మంచె ఎక్కమని కూడా అనలేదు. వెర్లిన్ బాబాయే "దీనికి గొంతూ లేదు, వేలూ లేదు" అని పండగ భోజనం దగ్గర అందరి ముందూ అన్నాడు. బళ్ళో కూడా అంతే, కొండ కింది ఆ చిన్న బళ్ళో అందరికీ అందరూ తెలుసు, మగపిల్లలు శరదృతువంతా ఎవరి కెమెరాలో ఎంతటి పోతు పడిందో ఫోన్లు చూపించుకుంటూ అరుచుకునేవాళ్ళు, వాళ్ళందరినీ మించినది తమ గడ్డి మడిలో ఉందని ఆమె ఎన్నడూ చెప్పలేదు. డైరీలో రాసుకునేది. ఆకాశం ఎలా ఉంది, గాలి ఎటు నుంచి, చెట్టు దగ్గరికి ఎవరెవరు వచ్చారు. ఈ ఏడు వచ్చినవన్నీ కుర్రవే. వచ్చి, వాసన చూసి, పెద్దాయన ఎక్కడున్నాడో అన్నట్టు అటూ ఇటూ చూసి, భయంగా రెండు గీతలు గీసి పోయాయి. అక్టోబరు గడిచింది. పాస్టరు ఒక్కసారి దూరంగా, మడి అంచున, మసగ్గా పడ్డాడు. ఆ రోజు నాన్న పాలు తాగాడు.

తర్వాత ఒక సాయంత్రం వెనక వాకిట్లో బాబాయి గొంతు. ఆమె ఇదే మెట్టు మీద ఉంది. బాబాయి టోపీ తీసి చేతుల్లో చక్రంలా తిప్పుతున్నాడని తలుపు సందులోంచి కనిపించింది. "చీకటి పడుతోంది వదినా. కంచె సందులో అడ్డంగా నిలబడ్డాడు. నా వైపు నేలే అది. ఇంకెవడో అనుకున్నా. బాణం వదిలాక, వెళ్ళి చూస్తే..."

"ఇంకెవడో అనుకున్నావు" అంది అమ్మ.

"ఒట్టు."

"మా ఫ్రిజ్ తలుపు మీద రోజూ చూసేవాణ్ణి ఇంకెవడో అనుకున్నావు."

అమ్మ ఏడుస్తుందేమోననుకుంది మారెన్. అమ్మ ఏడవలేదు. "ఓరిన్‌కి తెలియకూడదు" అంది. "ఆయన వెళ్ళిపోయేదాకా తెలియకూడదు. ఆ తల ఈ వైపుకు తెచ్చావంటే నీకూ నాకూ మాటలుండవు." లోపలికొచ్చి మెట్టు మీద ఆమెను చూసి, "విన్నావా?" అంది. "లేదు" అంది మారెన్. "మంచిది" అంది అమ్మ. ఆ రాత్రి డైరీలో గాలి పడమర నుంచి అని రాసి, కలం పెట్టేసింది. మాంసం మాత్రం వచ్చింది, తెల్లకాగితం పొట్లాల్లో, పారేస్తే పాపం అంది నానమ్మ, రుబ్బింది. మారెన్ మొదటి రోజు తిననంది. నాన్న ముందుగదిలోంచి, "ఎందుకు తినదు అది? ఒంట్లో బాగోలేదా?" అని అడిగాడు. అందుకని తిన్నది. నాన్నకు వినిపించేలా, పళ్ళెం మీద ఫోర్కు చప్పుడు చేసి మరీ తిన్నది. రుచిగా ఉంది. అది ఇంకా ఘోరం.

ఇంకా గంట కాలేదు. ముందుగదిలో మంచం కిర్రుమంది, అందరూ తలెత్తారు, మళ్ళీ ఏమీ లేదు. సగం తెరిచిన తలుపులోంచి ఆమెకు మంచం కాళ్ళవైపు కనిపిస్తోంది, మూలన నిలబెట్టిన పోయినేటి చెట్టు కనిపిస్తోంది. మంచంతో పాటు ఆ చెట్టు కూడా లోపలికి రావాలని నాన్న పట్టుబట్టాడు. పాస్టరు రుద్ది రుద్ది సగానికి అరగదీసిన చెట్టు, మధ్యలో ఎర్రగా నున్నగా మెరిసే కండ, దాని పక్కనే నిలువునా ఒక సన్నటి లోతైన గాడి, ఆ వంకర కొమ్ము గీసింది, జిగురులో అతుక్కున్న గోధుమరంగు వెంట్రుకలు. నాన్న నొప్పి ఎక్కువైనప్పుడు చెయ్యి చాపి ఆ గాడిలో బొటనవేలు పెట్టుకుంటాడు. బెరడు పీచులు వేలాడుతుండేవి మొదట్లో, రోజూ తివాచీ మీద రాలుతున్నాయని అమ్మ కత్తెర తెచ్చి శుభ్రంగా కత్తిరించేసింది. ఆ చెట్టును చూసే ఇవాళ్టి పని నేర్చుకుంది మారెన్. ఎంత ఎత్తున మొదలవ్వాలి, ఎంత వెడల్పు ఒలవాలి, గాడి ఎటు పక్కన పడాలి, నాన్న నిద్రపోతున్నప్పుడు జానతో కొలిచి చూసుకుంది.

కోళ్ళకు మేత వేసొస్తానని చెప్పి వెళ్ళింది. కంచె దాటి బాబాయి కొట్టంలోకి. తాళం వెయ్యడు బాబాయి, ఈ గుట్టల్లో ఎవరూ వెయ్యరు. పుర్రె పై చిప్పతో కోసిన కొమ్ములు గోనెసంచి కింద ఉన్నాయి. ఆమె అనుకున్నదానికంటే బరువు. చల్లగా. రెండు చేతులా ఎత్తుకుని పొట్టకు ఆనించుకుని నడిచింది, కిందపడితే పగిలే గాజుపాత్రలాగా, మంచు పట్టిన గడ్డి బూట్ల కింద కరకరమంటోంది, చర్చి గంట లోయ అవతల మోగుతోంది, ఆదివారం, వాడు వచ్చే వేళే ఇది, వాడే వస్తున్నట్టుంది, తన చేతుల్లో. కెమెరా వెనక నుంచి వెళ్ళి మూత తీసి ఆపేసింది. బొమ్మలో వాడు పడకపోతే? చలికి ఆ డబ్బా అప్పుడప్పుడూ మొద్దుబారి కన్ను తెరవదు, అలాగే అనుకుంటాడు నాన్న. రబ్బరు తొడుగులు తెచ్చుకుంది, అలవాటుగా వేసుకుంది కూడా. వేసుకున్నాక నవ్వొచ్చింది. ఎవడు వాసన పడతాడని? తీసి జేబులో పెట్టుకుంది. ఉత్త చేతుల్తో ఆ చెట్టును ముట్టుకోవడం అదే మొదటిసారి, ఆగస్టు నుంచి తనదే అయిన చెట్టు, ఎంత గరుకుగా ఉందో. కొమ్ములు పట్టుకుని గీసింది. మొదట భయంగా, కుర్రపోతులా. తర్వాత భుజం బరువంతా వేసి, బరబరా కిందికి, మళ్ళీ కిందికి, బెరడు పట్టలు పట్టలుగా ఊడి వచ్చింది, కండ ఎర్రగా తడిగా బయటపడింది, వాసన గుప్పుమంది, నాన్న చొక్కాలున్న దేవదారు పెట్టె తెరిచినప్పటి వాసన. ఏడుస్తోందని తర్వాత తెలిసింది. అంతా అయ్యాక కొమ్ములు ఎక్కడివక్కడ పెట్టి, కెమెరా మూత తెరిచి మళ్ళీ పనిచేసేలా చేసి, వెనక నుంచే జారుకుని, కోళ్ళ దొడ్డిలో బూడిదతో చేతులు తోముకుంటుంటే ఒంట్లో ఒక రకమైన తేలిక. తను వేలు నొక్కింది. ఈసారి నొక్కింది.

ట్యాబ్ చిన్నగా పలికింది, గ్లాసుకు చెంచా తగిలినట్టు.

వంటింట్లో ఎవరూ పట్టించుకోలేదు. గంటగంటకూ వినే చప్పుడే. మారెన్ గుండె మాత్రం మెట్టు మీది నుంచి దిగి గదిలోకి నడిచి వెళ్ళిపోయింది, తను ఇక్కడే ఉంది. మంచం మీట నొక్కిన రొద. తల వైపు లేస్తోంది. నాన్న దగ్గు. ఇక్కడ నానమ్మ గుత్తి చప్పుడు, నూనె చిటపటలు, కుక్క కలలో కాలు కొట్టుకోవడం. తర్వాత మంచం చువ్వకు కట్టిన ఆవు మెడగంట మోగింది, ఒక్కసారి కాదు, ఆగకుండా.

అందరూ లేచారు. అమ్మ గరిటెతోనే పరిగెత్తింది. నాన్న దిండు మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో ట్యాబ్, ఆ మొహంలో అంత వెలుగు ఆగస్టు తర్వాత ఎవరూ చూడలేదు. "వచ్చాడు" అన్నాడు. "పాస్టరు వచ్చాడు. చూడండి. చెట్టు చూడండి."

అమ్మకు ఏమీ అర్థం కాలేదు. బొమ్మ చూసింది, నానమ్మను చూసింది. నానమ్మ గడప పట్టుకుని నిలబడిపోయింది. వెర్లిన్ బాబాయి మెడ కింది నుంచి ఎరుపెక్కాడు, ఎక్కి, ఒక్కసారిగా చేతులు చరిచాడు. "చెప్పానా అన్నయ్యా! చెప్పానా నీకు! ముసలాడు ఎక్కడికి పోతాడు! పొద్దున ఆ గట్టు మీద వాడే నడిచాడు, నేను చూశాననుకో, దూరంగా, వాడి నడక నాకు తెలియదా!"

నాన్న వెర్లిన్ బాబాయిని చూశాడు. మళ్ళీ బొమ్మను చూశాడు. రెండు వేళ్ళు పెట్టి దాన్ని పెద్దది చేశాడు. బొమ్మ ఎగిరెగిరి పడుతోంది, ఆపుకుని, దగ్గరకు తెచ్చుకుని, చూస్తూ ఉండిపోయాడు. ఆ వెలుగు ఒకేసారి పోలేదు. పొద్దుగూకినట్టు ఒక పక్క నుంచి పోయింది. "మీరంతా వెళ్ళండి" అన్నాడు. "మారెన్ ఉంటుంది."

వెళ్ళారు. ఆమె మంచం పక్కన నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇటు తే."

ఇచ్చింది. నాన్న ఆ అరచేతులు తిప్పి గోళ్ళు చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, పెదాలు చల్లగా తగిలాయి. చాలాసేపు వాసన చూశాడు. "గాడి వాడిదే" అన్నాడు. "ఎడమ పక్క, ఆ వంకరది. నాకు తెలీదా వాడి గాడి. కొమ్ము వాడిదే. తోసింది మాత్రం వాడు కాదు." ట్యాబ్ ఆమె వైపు తిప్పాడు. ఒలిచిన చోటు కింద బెరడు పీచులన్నీ కుచ్చులా నేల వైపు వేలాడుతున్నాయి. పైన శుభ్రంగా ఉంది. "పోతు తల వంచి, కింద పొడిచి, పైకి తోస్తుంది. పీచంతా పైన మిగులుతుంది. చెప్పాను నీకు."

"చెప్పావు" అంది మారెన్.

"అంటే కొమ్ములు వాడి నెత్తి మీద లేవు."

ఆమె చూడకూడదనుకుంటూనే గోడ వైపు చూసింది, ఆ గోడ అవతల బల్ల, బల్ల దగ్గర బాబాయి. నాన్న కూడా ఆ గోడ వైపే చూశాడు. ముక్కుపుటాలు కదిలాయి. వంటింట్లో ఎవరూ పెనం దించలేదు, మాడు వాసన వస్తోంది.

"ఆ పెనంలోది ఆడజింక కాదు కదూ?"

"కాదు నాన్నా."

"అందరూ తిన్నారా?"

"నేను కూడా తిన్నాను."

నాన్న కళ్ళు మూసుకున్నాడు. ఒంట్లో నొప్పి అటు నుంచి ఇటు వెళ్ళడం దుప్పటి మీద కూడా తెలిసింది, గడ్డి మీద గాలి వెళ్ళినట్టు. ఆయన చెయ్యి మూలనున్న పాత చెట్టు కోసం చాచుకుంది, అందలేదు. ఆమె దాన్ని దగ్గరకు జరిపింది. బొటనవేలు గాడిలో పెట్టుకున్నాడు. తనకు చెప్పకుండా దాచినవి ఇంకెన్ని ఉన్నాయో లెక్క వేసుకుంటున్నాడా, లేక ఒక్క పాస్టరు గురించే ఆలోచిస్తున్నాడా, ఆ మొహంలో ఏమీ దొరకలేదు. తిడితే బాగుండేది. మంచె దిగి ఇంటికి నడిచిన దారి లాగే ఉంది ఇది కూడా, అంతే పొడుగు.

"చెట్టు గట్టిగా పాతావు" అన్నాడు చివరికి, కళ్ళు తెరవకుండానే. "అంత బరువు పడినా ఒరగలేదు." ఊపిరి తీసుకున్నాడు. "పైకి తోయాలమ్మా. కిందికి కాదు."

"సరే నాన్నా."

"వెర్లిన్‌ని పిలు. వాడు బయటికొచ్చాక రొండాని రమ్మను. మందు తీసుకుని రమ్మను."

ఆమె గడప దాటి వంటింట్లోకి వచ్చింది. అందరూ నిలబడే ఉన్నారు. అమ్మ కళ్ళు అడుగుతున్నాయి, ఏం చేశావే అని. మారెన్ బాబాయి వైపు చూసి తలుపు వైపు చెయ్యి చూపింది. వెర్లిన్ బాబాయి టోపీ తీశాడు. ఏదో హాస్యం కోసం నోరు తెరిచి, దొరక్క మూసుకున్నాడు. ఆయన వెనకే ఆమె కూడా నడిచింది, వెళ్ళాలా వద్దా అని ఆలోచించకుండానే, ఆ గదిలో తనకిప్పుడు ఒక చోటు ఉన్నట్టు, గట్టిగా పాతావు అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది, గడప దాకా వెళ్ళింది. మంచం మీద నాన్న ఆమె వైపు చూడలేదు. బాబాయి లోపలికి అడుగుపెట్టి, ఆమె మొహం చూడకుండా, రెండు చేతులతో పిడి పట్టుకుని, జారిపోయిన ఆ తలుపును బలంగా పైకి ఎత్తి, ఆమె ముందు మూసేశాడు. గడియ పడింది.